అడ్డంగా కోసిన నిమ్మకాయ

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన తప్పు చేయరు.

తాగుతారంటే తాగరు, పేకాడతారంటే ఆడరు. అలాంటివేమైనా ఉంటే నలుగురికీ చెప్పుకుని కాస్త ఏడవడానికైనా వీలుండేది. 'మా ఆయన తప్పు చేయరండీ' అని కళ్లొత్తుకుంటే ఎవరు ఓదారుస్తారు?

పెళ్లయిన కొత్తలో కాకినాడ నుంచి అన్నవరం వెళదామని బయలుదేరి రాజమండ్రి బస్సెక్కించారు. గంట తర్వాత ఆ సంగతి కండక్టరు చెబితే "బోర్డు తప్పు పెట్టారు" అన్నారు. కండక్టరు బస్సాపి, కిందికి దింపి బోర్డు చూపించాడు. శుభ్రంగా రాజమండ్రి అనే ఉంది. మా ఆయన ఒక్క నిమిషం ఆలోచించి, "అయితే మనం బయలుదేరింది రాజమండ్రికే" అని మళ్లీ ఎక్కి కూర్చున్నారు. ఆ సాయంత్రం గోదావరి గట్టున కూర్చుని అన్నవరం ప్రసాదం ఎంత బాగుంటుందో మాట్లాడుకున్నాం.

ఇరవై నాలుగేళ్ల కాపురంలో 'నాది తప్పు' అనే రెండు మాటలూ కలిపి ఆయన నోట వినలేదు. 'నాది' వరకు చాలాసార్లు విన్నాను, పడక్కుర్చీ విషయంలో.

ఇలాంటి మనిషికి దేవుడు ఎంచి మరీ ఉద్యోగం ఇచ్చాడు. మా ఆయన భీమశంకరంగారు జిల్లా ముద్రల నియంత్రణ కార్యాలయంలో సూపరింటెండెంటు. జిల్లాలో ఏ ఆఫీసుకు ఎన్ని రబ్బరు స్టాంపులున్నాయి, ఏది ఎన్ని సెంటీమీటర్ల గుండ్రం, ఏది ఎవరి బీరువాలో ఉంది, అరిగితే ఎవరు సంజాయిషీ చెప్పాలి, ఇవన్నీ చూసే ఆఫీసు అది. అలాంటి ఆఫీసొకటి ఉందని మీకు తెలియకపోతే, మీరు అదృష్టవంతులు.

ఇక నా నేరం.

మాకు రెండిళ్ల అవతల చిట్టిరత్నం ఉంటుంది. కుట్టు మిషను మీద బతుకుతుంది. మసిగుడ్డలు, వడగుడ్డలు, గిన్నెల మీద కప్పే గుడ్డలు, అన్నీ తెల్లటి నూలుబట్టతో అంచు మడిచి ముచ్చటగా కుడుతుంది. ఎవరూ కొనరు.

"ఇంట్లో పాత పంచె ముక్కుండగా మసిగుడ్డ కొంటారా వదినగారూ?" అంటుంది తనే, మిషను తొక్కుతూ.

మహిళా ఉత్పత్తుల ప్రదర్శనలో ఒక బల్ల కోసం మూడేళ్లుగా దరఖాస్తు పెడుతోంది. ఈ ఏడు ఇచ్చారు. వచ్చే నెల మొదటి ఆదివారం, టౌన్‌హాల్లో, కిటికీ పక్కన, పదిహేడో నెంబరు బల్ల. షరతు ఏమిటంటే, బల్ల ఖాళీగా కనిపిస్తే ఇక ముందు ఆ దరఖాస్తుదారు పేరు పరిశీలించబడదు. చిట్టిరత్నం ఆ కాగితాన్ని కవర్లో పెట్టి, ఆ కవర్ని ఇంకో కవర్లో పెట్టి, దేవుడి పటం వెనక దాచింది.

"తెల్లగుడ్డలు పరిచి కూర్చుంటే ఆసుపత్రి బల్లనుకుంటారేమో వదినగారూ" అని ఒకటే దిగులు.

ఆ దిగులు వింటూనే మా వంటింట్లో పులిహోర కలుపుతున్నాను. పసుపు చేత్తో పిండిన నిమ్మచెక్క జారి, చిట్టిరత్నం చూపించడానికి తెచ్చిన గుడ్డ మీద బోర్లా పడింది. అయ్యయ్యో అని తీస్తే, పచ్చటి చక్రం. తొమ్మిది ఆకులు, మధ్యలో ఇరుసు.

నేను బీయస్సీ వృక్షశాస్త్రం చదివాను. మూడేళ్లు కాయలు అడ్డంగా కోసి, బొమ్మలు గీసి, రికార్డు పుస్తకంలో లెక్చరర్ చేత సంతకాలు పెట్టించుకున్నాను. ఆ చదువు వంటింటికి పనికిరావడం అదే మొదటిసారి.

పసుపు ఎండకు వెలిసిపోతుంది గనక బట్టల రంగులు కొన్నాం. నిమ్మకాయని అడ్డంగా కోసి, రసం ఇంకేలా అరగంటసేపు పాత పేపరు మీద బోర్లించాలి. స్పాంజితో పల్చగా రంగద్ది, గుడ్డ మీద నొక్కి, కదపకుండా నిట్టనిలువుగా ఎత్తాలి. నిమ్మకాయ చక్రమిచ్చింది. దోరజామకాయ గింజల చుక్కలతో వలయమిచ్చింది. బెండకాయైతే చెప్పక్కర్లేదు, పువ్వే. నీడన ఆరబెట్టి తిరగేసి ఇస్త్రీ చేస్తే రంగు పోదు. నాలుగు రోజుల్లో అరవై గుడ్డలు మా ముందుగదిలో ఒక బొత్తి అయ్యాయి.

మా ఆయన ఆ బొత్తి పక్కనుంచి రోజూ నడుస్తూ, "చదువుకున్నవాళ్లు చేసే పనేనా ఇది?" అనేవారు. అని, ఒక్క క్షణం ఆగి చూసి వెళ్లేవారు. ఆ ఆగడం నేను పట్టించుకోలేదు.

సోమవారం నాడు ఆయన క్యారేజీ పాత తువ్వాలులో కట్టానని నాకు గట్టి జ్ఞాపకం. కానీ ఆఫీసులో మధ్యాహ్నం విప్పింది నిమ్మచక్రాల గుడ్డ. తర్వాతి సంగతులు వాళ్ల అటెండరు పోలయ్య నాకు చెప్పినవి.

"ఏడీగారు అటుగా ఎల్తా ఆగేరమ్మా. 'భీమశంకరంగారూ, ఈ గుండ్రటిది ఏ శాఖ ముద్ర?' అన్నారు. అయ్యగారు చేతిలో ముద్ద వదిలేసి లేచి నిలబడ్డారు. ఎర్రగా అయిపోయేరు. 'దీంతో నాకేం సమ్మందం లేదండి' అన్నారు. ఆనక పద్నాలుగో నిబంధన పైకి చదివేరండి."

పద్నాలుగో నిబంధన ఇది: 'ఒకే వస్తువు చేత ఒకే ఆకారము మూడు పర్యాయములకు మించి ఏదేని తలముపై పడినచో, అది ముద్రగా పరిగణింపబడును.' పదకొండేళ్ల కిందట రాసింది మా ఆయనే. ఆ రాత్రి ఇంట్లో పాయసం చేయించారు కూడా.

ఆ ఏడీగారు, అంటే అసిస్టెంట్ డైరెక్టరు పట్టాభిగారు, సంబరపడిపోయారట. ఆ ఆఫీసుకు కొత్త ముద్ర దొరికి ఆరేళ్లయింది.

సాయంత్రం ఐదింటికి గంట మోగింది. తలుపు తీస్తే మా ఆయన, వెనక పోలయ్య. మా ఆయన చెప్పులు విప్పలేదు. మెడలో గుర్తింపు కార్డు ఎత్తి చూపించారు.

"జిల్లా ముద్రల నియంత్రణ కార్యాలయం. తనిఖీ."

"కాఫీ తాగి చేయండి" అన్నాను.

"విధి నిర్వహణలో ఉన్న అధికారికి పానీయములు ఇవ్వజూపుట నేరము. ఈ ఇంటి యజమాని ఎవరు?"

"మీరేనండీ."

ఆయన కొంచెంసేపు ఆలోచించి రాసుకున్నారు: 'తనిఖీ సమయమున యజమాని విధి నిర్వహణ నిమిత్తము బయటకు వెళ్లియున్నందున అందుబాటులో లేరు.'

తర్వాత సోదా. అరవై గుడ్డలూ మూటగట్టారు. వంటింట్లో రంగు అంటిన అరనిమ్మకాయ, అరజామకాయ, అరబెండకాయ దొరికాయి. వాటిని మూడు కవర్లలో పెట్టి లక్కతో సీలు వేశారు. నా చేత సంతకం తీసుకుని ఆయన వెళ్లిపోయి, ఆరున్నరకు చెప్పులు విప్పుకుని వచ్చి, "కాఫీ ఏదీ?" అన్నారు.

"ఏవండీ, అవి చిట్టిరత్నం గుడ్డలు. పదమూడు రోజుల్లో ప్రదర్శన."

"ఆఫీసు విషయాలు ఇంట్లో మాట్లాడను" అన్నారు.

చిట్టిరత్నం అరుగు మీద కూర్చుని, ఏడవకుండా, "అన్నయ్యగారు చెడ్డవారు కాదు వదినగారూ. చదువెక్కువ" అంది. నాకు ఆ మాటే ఎక్కువ బాధనిపించింది.

ఆఫీసులో స్వాధీనం చేసుకున్న ముద్రల్ని ఇనప్పెట్టెలో ఉంచాలి. రోజూ పదకొండింటికి తీసి, కొలిచి, మొదటిరోజు కొలతతో సరిపోయిందని రిజిస్టర్లో రాయాలి. ఇనప్పెట్టె తాళం మా ఆయన దగ్గర ఉంటుంది.

మంగళవారం నిమ్మకాయ నాలుగున్నర సెంటీమీటర్లు. బుధవారం నాలుగుంబావు. పట్టాభిగారు మెమో ఇచ్చారు: 'సదరు ముద్ర తమ స్వాధీనములో ఉండగా పావు సెంటీమీటరు తరుగుట జరిగినది. తరిగిన భాగము ఎక్కడున్నదో ఇరవై నాలుగు గంటలలో తెలియజేయవలెను.' మా ఆయన జవాబిచ్చారు: 'సదరు ముద్ర ఆకృతి మార్పునకు సంబంధించి ఉన్నతాధికారుల మార్గదర్శకములు కోరడమైనది.' శుక్రవారానికి దాని మీద తెల్లగా బూజు వచ్చింది. దాన్ని 'అనుమతి లేని వృద్ధి' అని రాసుకున్నారు. తరిగిందానికొకటి, పెరిగిందానికొకటి, ఒకే నిమ్మకాయకి రెండు ఫైళ్లు నడిచాయి.

శనివారం జామకాయ కనబడలేదు. విచారణ పెట్టారు.

"నేనే తిన్నానండి. మెత్తబడిపోతంది గదాని రంగు చెక్కేసి, ఉప్పూ కారం ఏసుకుని తిన్నాను" అన్నాడు పోలయ్య.

"అది ప్రభుత్వ ముద్ర!" అన్నారు పట్టాభిగారు.

"నాకు జాంకాయలాగే తగిలిందండి బాబూ."

పోలయ్యకి వారం రోజులు ముద్రల గదిలోకి ప్రవేశం నిషేధించారు. గది తుడిచేది అతనొక్కడే కావడం వల్ల వారం రోజులు గది తుడవలేదు. ఈగలు వచ్చాయి. వాటిని సందర్శకుల పుస్తకంలో ఎలా ఎక్కించాలో తెలియక ఒక పేజీ ఖాళీగా వదిలారు.

బెండకాయ సమస్య వేరు. ఫారంలో 'ఫల సంబంధిత' అని, 'శాక సంబంధిత' అని రెండే గళ్లున్నాయి. ఉద్యాన శాఖకు రాస్తే, 'శాస్త్ర ప్రకారము ఫలము, సంత ప్రకారము శాకము' అని జవాబొచ్చింది. అందుచేత బెండకాయని పొద్దుటి పూట మొదటి గడిలోనూ మధ్యాహ్నం రెండో గడిలోనూ నమోదు చేశారు.

రెండో వారం సోమవారం పట్టాభిగారికి ఒక ఆలోచన వచ్చింది. తరిగిన ముద్ర స్థానంలో దానితో సరిసమానమైన ప్రతిముద్ర పెడితే ఫైలు మూసేయవచ్చు. అంటే నాలుగున్నర సెంటీమీటర్ల గుండ్రంతో, తొమ్మిది తొనలున్న నిమ్మకాయ కావాలి. ఆఫీసు సిబ్బంది పద్నాలుగు మందీ బజారుకు బయలుదేరారు.

నిమ్మకాయ కోస్తే గానీ తొనలు తెలియవు. కోశాక అమ్మేవాడు వెనక్కి తీసుకోడు. సాయంత్రానికి ఆఫీసులో మూడు బుట్టల నిమ్మచెక్కలు. ఎనిమిది తొనలు, పది తొనలు, పదకొండు తొనలు. తొమ్మిది దొరికితే గుండ్రం చిన్నది, గుండ్రం కుదిరితే తొన వంకర. ఆఫీసంతా మూడు రోజులు నిమ్మరసం తాగారు. అందరికీ పళ్లు పులిసి, ఎవరూ గట్టిగా మాట్లాడలేకపోయారు. ఆ మూడు రోజులూ పని బాగా జరిగిందని పోలయ్య అన్నాడు.

ఊళ్లో మాత్రం నిమ్మకాయ దొరకలేదు. నేను బజారుకు వెళితే కూరల సూరమ్మ చేతులు తిప్పింది.

"లేవమ్మా. మీ ఆఫీసోళ్లే పట్టుకుపోయేరు. నిలబడి కోసి, లెక్కెట్టి, మొహం ముడుచుకుని ఎల్తన్నారు. ఏం పోయిందంటమ్మా వాళ్లది, అందులో ఎతుకుతున్నారు?"

ఇంత వెతికాక పట్టాభిగారికి ఇంకా భయంకరమైన సంగతి తట్టింది. కోసిన ప్రతి నిమ్మకాయా ఒక ముద్రే అయితే, జిల్లాలో ప్రతి వంటింట్లోనూ రోజూ నమోదు కాని ముద్రలు తయారవుతున్నాయి. గురువారం నాడు ప్రకటన వెలువడింది.

'ఇందుమూలముగా జిల్లా ప్రజలకు తెలియజేయడమేమనగా, నిమ్మకాయను నిలువుగా కోయవచ్చును. అడ్డముగా కోయదలచిన వారు ముందుగా ఫారం ఏడు సమర్పించి, తొనల సంఖ్యను ధ్రువీకరింపజేసుకొనవలెను. ధ్రువీకరణ కొరకు కాయను కోసి తీసుకురావలెను.'

చివరి వాక్యం రెండుసార్లు చదివాను. అడ్డంగా కోయడానికి అనుమతి కావాలంటే ముందు అడ్డంగా కోయాలి. ఆ వాక్యంలో నాకు మా ఆయన చేతిరాత కనబడింది.

మర్నాడు కొత్త బండ్ల దుకాణం ముందు మా ఆయన ఆఫీసువాళ్లు నిలబడ్డారు. పూజ చేసి చక్రం కింద పెట్టే నిమ్మకాయ పగిలితే అది ముద్రా, ముద్ర ధ్వంసమా అన్నది తేలేవరకు బళ్లు కదలనివ్వలేదు. పురోహితుడొకాయన కొబ్బరికాయతో సరిపెట్టబోయాడు. చక్రం దాని మీదికి ఎక్కలేదు. బండి పడింది, ఆయన మీద.

ఈ గోల రాజధాని దాకా వెళ్లింది. ప్రదర్శన ఆదివారమనగా, శనివారం నాడు జాయింట్ కమిషనర్ వసుంధరాదేవిగారు విచారణకు వచ్చారు. నన్ను నిందితురాలిగా పిలిచారు. చిట్టిరత్నం పిలవకుండానే వచ్చింది, కవర్లో కవరు పట్టుకుని.

పొడుగాటి బల్ల. ఒక పక్క అరవై గుడ్డల మూట. కమిషనర్ గారికి కుడివైపు పట్టాభిగారు, ఎడంవైపు మా ఆయన. నన్ను చూసి ఆయన, "నిందితురాలు అక్కడ కూర్చోవచ్చును" అని ఫ్యాను కిందున్న కుర్చీ చూపించారు. ఆ గదిలో ఫ్యాను కింద కుర్చీ ఒక్కటే ఉంది.

"అసలు ముద్ర చూపించండి" అన్నారు కమిషనర్ గారు.

మా ఆయన ఇనప్పెట్టె తెరిచారు. ముందు ఈగలు వచ్చాయి. వెనక నల్లగా, గట్టిగా, వక్కంత నిమ్మకాయ వచ్చింది.

"నమూనా ముద్ర వేయండి."

మా ఆయన రంగద్ది కాగితం మీద నొక్కారు. మచ్చ పడింది. మళ్లీ నొక్కారు. ఇంకో మచ్చ, మొదటి దానికి సంబంధం లేకుండా.

ఆవిడ గుడ్డని చూశారు, మచ్చని చూశారు. "ఈ ముద్ర ఆ గుడ్డ మీది ముద్రతో సరిపోలడం లేదు. అంటే గుడ్డల మీద ఉన్నవి నకిలీవి. నకిలీ ముద్రలున్న వస్తువులను ఏం చేస్తారు?"

"ఇరవై రెండో నిబంధన, మేడమ్. దహనం" అన్నారు పట్టాభిగారు.

"చేయించండి. అటెండరూ, పెరట్లోకి తీసుకెళ్లు."

పోలయ్య కదల్లేదు. చిట్టిరత్నం లేచింది. "అమ్మా, రేపేనమ్మా ప్రదర్శన. పదిహేడో నెంబరు బల్ల. మూడేళ్లకిచ్చారు. ఇవి నిమ్మకాయలమ్మా. నా ఎదురుగానే కోశారు వదినగారు" అంది. కవర్లోంచి కవరు తీసి, అందులోని కాగితం బల్ల మీద పెట్టింది.

"సానుభూతి ఉందమ్మా. కానీ దీనికి వేరే దారి నిబంధనల్లో లేదు."

"ఉంది" అన్నాను నేను. ఇరవై నాలుగేళ్లుగా ఆ నిబంధనల పుస్తకం మా పడకగదిలో తలగడ పక్కన ఉంటుంది. నిద్రపట్టనప్పుడు చదివేదాన్ని, వెంటనే పట్టేది. "ముప్పై ఒకటి చూడండి."

కమిషనర్ గారు తిప్పి చదివారు. 'మొదటి నివేదికయే పొరపాటైనచో, నివేదిక ఇచ్చిన అధికారి సాక్షుల సమక్షమున ఆ సంగతి స్వయముగా పైకి పలికినయెడల, స్వాధీనపరచుకొనిన వస్తువులు తత్‌క్షణమే విడుదల చేయబడును.'

"ఇది ఎప్పుడైనా వాడారా?"

"లేదు మేడమ్. ఎవరూ వాడరన్న నమ్మకంతోనే రాసిన నిబంధన" అన్నారు పట్టాభిగారు.

రాసినవారు తలవంచుకుని ఉన్నారు.

అందరం ఆయన వైపు చూశాం. ఆయన లేచి గొంతు సవరించుకున్నారు.

"ప్రస్తుత వ్యవహారమునందు, పరిశీలనా దశలో, కొంతమేర పొరపాటు సంభవించియుండునేమో అని భావించుటకు ఆస్కారము..."

"అన్నయ్యగారూ" అంది చిట్టిరత్నం మెల్లగా, "మామూలుగా చెప్పండి."

ఆయన మూట వైపు చూశారు. ముడి సందులోంచి ఒక నిమ్మచక్రం కనబడుతోంది. దాన్ని వేలితో సర్దారు, మా ముందుగదిలో బొత్తి పక్కన ఆగినట్టే ఆగి.

"ఆ రోజు క్యారేజీ మా ఆవిడ ఈ గుడ్డలో కట్టలేదు" అన్నారు, ఎవరినీ చూడకుండా. "పాత తువ్వాలులో కట్టింది. నేనే విప్పి ఇందులో కట్టుకున్నాను. బాగుందని. ఏడీగారు అడిగితే, మా ఇంట్లో చేశారని చెప్పడానికి... సిగ్గేసింది. నిబంధన చదివేశాను."

ఆయన బల్ల మీది నల్లటి నిమ్మకాయని వేలితో చూపించారు.

"అది ముద్ర కాదు. నిమ్మకాయ. నాది తప్పు."

నేను ఫ్యాను శబ్దంలో సరిగ్గా విన్నానో లేదో అనుకున్నాను. ఈలోగా మూల కూర్చున్న టైపిస్టు తలెత్తింది.

"సార్, రికార్డు కోసం, చివరి రెండు మాటలు మళ్లీ చెప్తారా?"

పోలయ్య వెళ్లి ఫ్యాను ఆపాడు. మా ఆయన ఈసారి నా వైపు తిరిగారు.

"నాది తప్పు" అన్నారు, గట్టిగా.